ఎవరో సాగు చేసిన నేల

కెనడాలోని గ్వెల్ఫ్ ఊళ్ళో మాకు గది దొరికిన రోజు నేను నిజంగానే మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. మాకు అంటే నాకూ, కరీంనగర్ నుంచి వచ్చిన అక్కకూ. ఆమె నాకు చుట్టం కాదు. విమానంలో పక్క సీట్లో కూర్చుంది, చేరబోయేది ఒకే కాలేజీ అని తెలిసింది, నాకన్నా కాస్త పెద్దది కాబట్టి దిగేలోపే అక్క అయిపోయింది.

ఆ రోజుల్లో కెనడాకు మాలాంటి పిల్లలు కుప్పలుతెప్పలుగా వచ్చి పడుతున్నారు. సిటీ బస్సు ఎక్కితే ముందు సీట్లో పంజాబీ, వెనక సీట్లో మలయాళం, తలుపు దగ్గర ఎవరో ఫోన్లో తెలుగులో, "అమ్మా, తిన్నానే, తిన్నాను" అంటూ. కాలేజీలో సీటు దొరికినంత తేలిగ్గా ఊళ్ళో ఇల్లు దొరకదు. తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళ ఇంట్లో, సోఫాకూ గోడకూ మధ్య దుప్పటి పరుచుకుని పడుకుంటూ, పగలంతా గదుల కోసం తిరిగేవాళ్ళం. ఒకచోట వంట చేయకూడదన్నారు. ఒకచోట గదికి తలుపు లేదు, పరదా ఉంది. ఇంకోచోటికి వెళ్ళేసరికి మాకంటే ముందొచ్చినవాళ్ళు మెట్ల మీద బారుగా కూర్చుని ఉన్నారు.

"ఇది రూమ్ చూస్తందుకు వచ్చినట్టు లేదే, రేషన్ షాప్ కాడికి వచ్చినట్టుంది" అంది అక్క. నవ్వాను. బస్సులో కూర్చున్నాక ఇద్దరం మళ్ళీ ఫోన్లలో గదుల ప్రకటనలు వెతకడం మొదలుపెట్టాం.

చివరికి ఇండియన్ గ్రోసరీ షాపులో నోటీసు బోర్డు మీద తెలుగులో రాసిన కాగితం కనబడింది. అక్కడికక్కడే ఫోన్ చేసి, అక్కడి నుంచే నడిచి వెళ్ళాం. ఇటుకల ఇల్లు, పక్కనుంచి బేస్‌మెంట్‌కి మెట్లు. నైటీ మీద స్వెటర్ వేసుకున్న విజయవాడ ఆంటీ తలుపు తీసింది. అంకుల్ టొరొంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ట్రైన్లో వెళ్ళి వస్తారట. గది శుభ్రంగా ఉంది. కిటికీ పైకప్పుకి ఆనుకుని ఉంది, అందులోంచి గడ్డి, దారిన పోయేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. రెండు పరుపులు, బల్ల, అడుగు నల్లబడిన మూకుడు, కుక్కర్, కందిపప్పు, చింతపండు. మూలన పెద్ద ప్లాస్టిక్ డబ్బా నిండా సన్నబియ్యం. తలుపు వెనక కొక్కేనికి నీలం రంగు చలికోటు.

"ఇవన్నీ ఎవరివాంటీ?" అని అడిగాను.

"ముందున్నబ్బాయి పోయాడమ్మా. సామానంతా ఉండిపోయింది. కావాలంటే వాడుకోండి" అంది ఆంటీ. ఆ మాట మాతో కాకుండా మెట్లతో చెప్తున్నట్టు అటు తిరిగి చెప్పింది.

"పోతే పోయిండు తీ ఆంటీ, మంచిగ అన్నీ పెట్టి పోయిండు!" అంది అక్క సంబరంగా.

ఆంటీ అక్క వైపు ఒకసారి వింతగా చూసి పైకి వెళ్ళిపోయింది. కరీంనగర్‌లో బడికి పోయినా, బజారుకి పోయినా పోవడమే. అక్క విన్నది అదే. మా నరసరావుపేట వైపు ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. నాకు తట్టాల్సింది. గది దొరికిన ఆనందంలో తట్టలేదు.

ఆ సాయంత్రం ఆ బియ్యమే కడిగి వండుకున్నాం. బియ్యంలో ఎండిన వేపాకులు తగిలాయి. పురుగు పట్టకుండా మన ఇళ్ళల్లో వేసినట్టే ఎవరో వేశారు. కెనడాలో వేపాకు చూసి ఇద్దరం మురిసిపోయాం. పొగలు కక్కే అన్నంలో ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి కలుపుకుని, కింద కూర్చుని తిన్నాం. అన్ని వారాల తర్వాత ఒక గిన్నె మాది, ఒక తలుపు మాది అనిపించింది. అన్నం తిన్నాకే నేను మోకరించాను. అక్క హనుమంతుడి భక్తురాలు. అయినా నా పక్కనే చేతులు జోడించుకుని కూర్చుంది.

మాది మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. గ్వెల్ఫ్‌లో ఒక పాత రాతి చర్చి కింద హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్ళు ప్రార్థన చేసుకునేవారు. ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి ఆ గది సంగతి చెప్పాను. వెతికి వెతికి అలిసిపోయాక దేవుడు నాకు కుక్కరూ, బియ్యమూ, చలికోటూ కూడా సర్ది పెట్టిన గది చూపించాడన్నాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరమ్మగారు వచ్చి నన్ను కావలించుకుంది.

"ఆయన నీకు స్థలం సిద్ధం చేశాడమ్మా. అచ్చం ఆ ఓడ విశ్వాసులకు చేసినట్టే" అంది.

ఆ విశ్వాసుల కథ నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. మా ఊరి సండేస్కూల్లో టీచరమ్మ పలుచటి గుడ్డ అంటించిన బోర్డు మీద బొమ్మలు అతికిస్తూ చెప్పేది. ఇంగ్లండులో వాళ్ళ మనస్సాక్షి చెప్పినట్టు ఆరాధించుకోనివ్వలేదట. ఓడెక్కి, మహాసముద్రం దాటి, చలికాలం మొదట్లో అమెరికా ఒడ్డుకు చేరారట. ఓడలో ఆడవాళ్ళనూ పిల్లలనూ ఉంచి, మగవాళ్ళు చిన్న పడవలో ఒడ్డు వెంట చోటు వెతికారట. ఒకచోట ఇసుక, ఒకచోట మంచినీళ్ళు లేవు, ఒకచోట అడవి. ఆఖరికి దేవుడు వాళ్ళకు ఒక చోటు చూపించాడు. కొండ, తియ్యటి నీళ్ళ వాగు, చెట్లు కొట్టే పని కూడా లేకుండా సాగు చేసి ఉంచిన నేల. "చూశారా పిల్లలూ, విత్తనం వేసుకోవడమే ఆలస్యం" అనేది టీచరమ్మ. మేం పాతికమంది పిల్లలం చాపల మీద కూర్చుని వినేవాళ్ళం. ఆ నేల ఎవరు సాగు చేశారని ఒక్కళ్ళం అడగలేదు.

పాస్టరమ్మగారు కెనడాకు రాకముందు చాలాకాలం టెక్సాస్‌లో ఉంది. అక్కడ పంట చేతికొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పే థాంక్స్ గివింగ్ పండగకి పిల్లలతో ఈ కథే నాటకం వేయించేదట. ఇక్కడ ఆ పండగ అక్టోబర్‌లోనే వస్తుంది. "ఈసారి డ్రామా నువ్వు చేయించాలి. చోటు కోసం వెతకడమంటే ఏంటో నీకు తెలుసు కదా" అంది. నేను ఎగిరి గంతేశాను.

చర్చి తాళాలు ఒక పెద్దావిడ దగ్గర ఉండేవి. తెల్లావిడ, హైస్కూల్లో హిస్టరీ చెప్పి రిటైరైంది. శనివారం పొద్దున వెళ్ళి, నాటకంలో ఆ విశ్వాసుల వేషాలకి నల్లటి టోపీలూ తెల్ల కాలర్లూ ఏమైనా పాత సామానులో ఉన్నాయా అని అడిగాను. ఏం నాటకమని అడిగింది. చెప్పాను, చాలా హుషారుగా చెప్పాను. మొదటి సీన్ ఓడ, రెండో సీన్ వెతకడం, మూడో సీన్ సాగు చేసి ఉన్న నేల.

ఆవిడ పెట్టె మూత తీయబోతూ ఆగింది. మడత కుర్చీ లాక్కుని కూర్చుని, నన్నూ కూర్చోమంది.

"అది ఈ దేశపు కథ కాదు, తెలుసుగా. కింద దేశానిది, అమెరికాది. మా పండగకూ దానికీ పెద్దగా సంబంధం లేదు" అంది. తర్వాత నెమ్మదిగా, "వాళ్ళు ఆ చోటు ఎలా కనుక్కున్నారో నీకెవరైనా చెప్పారా?" అని అడిగింది.

"ప్రార్థన చేసి" అన్నాను.

"చేశారు. నిజంగానే చేశారు" అని తలూపింది. తర్వాత ఆవిడ చెప్పిందంతా ఇంగ్లిష్‌లోనే అయినా నాకు గుర్తున్నది తెలుగులోనే. ఎందుకంటే ఆ రోజంతా నాలో నేను తెలుగులో దాన్ని తిరిగి తిరిగి చెప్పుకుంటూనే ఉన్నాను.

వాళ్ళు మొదట దిగిన ఒడ్డున ఇసుక దిబ్బలు కనిపించాయట. చేత్తో సర్దినట్టున్న దిబ్బలు. తవ్వితే బుట్టలు, బుట్టల నిండా మొక్కజొన్న. ఎవరో వచ్చే ఏటి విత్తనం కోసం దాచుకున్నది. దేవుడి దయ అనుకుని మోయగలిగినంత తీసుకుపోయారు. మళ్ళీ వచ్చి ఇంకా తీసుకుపోయారు. మనుషులు లేని గుడిసెల్లోకి వెళ్ళి నచ్చినవి పట్టుకెళ్ళారు.

"ఇంకో దిబ్బ తవ్వారు. అది సమాధి. ఒక మగమనిషి ఎముకలు, పక్కన పసిపిల్ల ఎముకలు. పిల్ల చేతులకు పూసలు. కొన్ని అందమైనవి తీసుకుని, మళ్ళీ మట్టి కప్పారు."

"ఎవరు చెప్పారు ఇది?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"వాళ్ళే. వాళ్ళే రాసుకున్నారు. ఎవరూ దాచలేదమ్మా. మనం చదవలేదు, అంతే."

టీచరమ్మ బోర్డు మీది బొమ్మల్లో, మోకరించిన ఆ నల్లటోపీ మనుషుల చేతుల్లో ఇప్పుడు నాకు పూసలు కనిపిస్తున్నాయి.

"మరి ఆ నేల? సాగు చేసి ఉన్న నేల?"

"అది ఊరు" అంది ఆవిడ. "చాలామంది ఉన్న ఊరు. వీళ్ళు రావడానికి కొన్నేళ్ళ ముందు ఓడల మీద వచ్చిన ఏదో జబ్బు పాకింది. ఊరు ఊరంతా పోయింది. పూడ్చేవాళ్ళు కూడా మిగల్లేదు. ఆ చుట్టుపక్కల చాలాచోట్ల ఎముకలు నేల మీదే పడి ఉండేవి. పొలాలు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకే చెట్లు కొట్టాల్సిన పని లేకపోయింది."

ఆ హాల్లో చలిగా లేదు. అయినా కోటు దగ్గరికి లాక్కున్నాను. నేను వేసుకున్నది ఆ నీలం కోటే. అక్టోబర్ పొద్దుటి చలి నాలాంటిదానికి చాలా ఎక్కువ. దాని చేతులు పొడుగై నా వేళ్ళు కూడా కనిపించేవి కావు.

"ఆ ఊళ్ళో ఒక్కడు మిగిలాడు" అని ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది. "ఎందుకంటే అతను అప్పుడు ఊళ్ళో లేడు. జబ్బు రాకముందే ఒక ఇంగ్లిష్ కెప్టెన్ మాయచేసి ఓడెక్కించి, స్పెయిన్ తీసుకెళ్ళి అమ్మేశాడు. అక్కడినుంచి ఎలాగో లండన్ చేరాడు. ఇంగ్లిష్ నేర్చుకున్నాడు. తర్వాత ఇదిగో, మన కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌కి వచ్చాడు. అక్కడినుంచి కిందామీదా పడి ఊరికి చేరాడు. చేరేసరికి ఊళ్ళో ఎవరూ లేరు."

నేను కోటు చేతులు పైకి మడుచుకుంటూ వింటున్నాను.

"తర్వాత వీళ్ళు వచ్చి అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. మొదటి చలికాలంలో వీళ్ళలోనూ సగంమంది చచ్చిపోయారు, పాపం. వసంతంలో అతను వచ్చి, మొక్కజొన్న ఎలా వేయాలో, చేప ఎరువు ఎలా పెట్టాలో వీళ్ళకు నేర్పించాడు."

"ఎందుకు నేర్పించాడు? వాళ్ళతో ఎందుకు ఉన్నాడు?"

ఆవిడ నా వైపు చూసింది. "ఇంకెక్కడికి వెళ్తాడు? అది అతని ఊరు."

టోపీల సంగతి ఇద్దరం మర్చిపోయాం. బస్సు ఎక్కకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. దారి పొడుగునా బుట్టలే కళ్ళ ముందు కదిలాయి, ఎవరో జాగ్రత్తగా అల్లి, నింపి, పూడ్చి, గుర్తు పెట్టుకున్న బుట్టలు. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని, మధ్యాహ్నానికి బియ్యం తీద్దామని డబ్బా మూత తీశాను. వేపాకు వేలికి తగిలింది. చెయ్యి అలాగే ఆగిపోయింది. ఊళ్ళు మారే స్టూడెంట్ ఎవడైనా ఇంత బియ్యం వదిలి వెళ్తాడా? కుక్కర్ వదులుతాడా? కెనడాలో చలికోటు వదిలి వెళ్తాడా?

"పోయాడమ్మా" అన్న ఆంటీ మాట అప్పుడు వినబడింది, మొదటిసారి విన్నట్టుగా.

పైకి పరిగెత్తాను. ఆంటీ పెరట్లో, మంచు పడకముందే టమాటా మొక్కలు పీకేస్తోంది. పచ్చికాయలు గిన్నెలో వేసుకుంటోంది.

"ఆంటీ, ముందున్నబ్బాయి ఎక్కడికి పోయాడు?"

ఆవిడ తల ఎత్తలేదు. ఒక మొక్కను వేళ్ళతో సహా లాగి, మట్టి దులిపింది. "ఎక్కడికేంటమ్మా. చెప్పాగా. పోయాడు."

"ఆంటీ..."

"ఎండాకాలంలో, ఫ్రెండ్స్‌తో లేక్‌కి వెళ్ళాడు. ఈత రాదు వాడికి. ఒడ్డునే ఉంటానని చెప్పి వెళ్ళాడు." ఆవిడ నేల మీద చతికిలబడింది. "పొద్దున నా చేత్తో పులిహోర కట్టిచ్చాను. సాయంత్రం పోలీసులొచ్చి తలుపు కొట్టారు. అంకుల్ వెళ్ళి చూసి గుర్తుపట్టారు. పేపర్లన్నీ ఆయనే చూసుకున్నారు, వాణ్ణి ఇంటికి పంపించే దాకా."

నేనూ ఆమె ఎదురుగా మట్టిలో కూర్చుండిపోయాను. ఎప్పుడో చిన్నప్పుడు మా కాలవలో మునిగిన పిల్లాణ్ణి ఒడ్డుకి తెచ్చినప్పుడు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వేసిన కేక నా చెవుల్లో మోగింది. నేను ఆ అబ్బాయి పరుపు మీద పడుకుంటున్నాను. అతని మూకుట్లో పోపు పెడుతున్నాను. అతని కోటు వేసుకుని చర్చిలో నిలబడి, దేవుడు నాకోసం సర్ది పెట్టాడని చెప్పాను.

"మాకెందుకు చెప్పలేదాంటీ?"

"చెప్పాననే అనుకున్నాను. ఆ కరీంనగర్ పిల్ల నవ్వుతూ మాట్లాడేసరికి, ఎంత రాతిగుండె అనుకున్నా. తర్వాత అర్థమైంది, మీకు అర్థం కాలేదని. అప్పటికి మీరు అన్నం వండుకుంటున్నారు. వాసన పైకి వచ్చింది. అన్నాళ్ళ తర్వాత కింద అన్నం ఉడుకుతోంది." కొంగు లేదు, స్వెటర్ చేతితోనే మొహం తుడుచుకుంది. "ఇంక నాకు నోరు రాలేదమ్మా. పారేద్దామంటే ఆ బియ్యం వాళ్ళక్క వచ్చినప్పుడు వాడికోసం కొని, వేపాకేసి వెళ్ళినవి. ఎలా పారేయను?"

అక్కకు చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. "పోయిండు అంటే... సచ్చిపోయిండా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది. బయటికి వచ్చాక, "నేను నవ్విన కదనే. ఆమె ముంగట నవ్విన కదనే" అని ఒకటే మాట.

కోటు ఆ అబ్బాయి వాళ్ళక్కకు చేరాలని నాకనిపించింది. ఆమె ఉండేది ఖమ్మంలో. మర్నాడు పొద్దున్నే, అక్కడ సాయంత్రమయ్యే వేళకు, ఆంటీ ఆమెకు ఫోన్ కలిపి ఇచ్చింది. నేను ఎవరినో చెప్పాను. ఆ గదిలో ఉంటున్నామనీ, బియ్యం వండుకున్నామనీ, కోటు వేసుకుంటున్నాననీ, మాకు తెలియదనీ చెప్పాను.

అటువైపు టీవీ ఆపేసిన చప్పుడు వినబడింది.

"ఎవర్నడిగి వేస్కున్నవ్?" అంది.

"అక్కా, మాకు నిజంగా..."

"అది వాడి ఒంటి మీది కోటు. ఎవర్నడిగి వేస్కున్నవ్ నువ్వు?" వెనకనుంచి ఎవరో ఏమైందని అడుగుతున్నారు. ఫోన్ కట్టయింది.

ఫోన్ నా చేతిలో అలాగే ఉండిపోయింది. నన్ను తిట్టినందుకు కాదు. ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఆ వారమంతా అక్కా నేనూ బ్రెడ్డు తిన్నాం. డబ్బా మూత తీయలేదు. నేను రెండు స్వెటర్లు వేసుకుని కాలేజీకి వెళ్ళాను.

నాటకం విషయం పాస్టరమ్మగారికి చెప్పాలి కదా. వాళ్ళింటికి వెళ్ళి, పెద్దావిడ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఆమె వంట ఆపేసింది.

"సమాధి తవ్వారా? మనవాళ్ళా?" అంది. విశ్వాసులన్న మాటకు ఆమె మనవాళ్ళు అంటుంది. "ఏళ్ళ తరబడి పిల్లలకి టోపీలు కుట్టి వేయించానే ఈ డ్రామా. ఒక్కళ్ళు చెప్పలేదే నాకు!"

"ఇప్పుడెలా వేద్దాం అమ్మగారూ?"

"పండగ పూట పిల్లలకి చావులూ ఎముకలూ ఎందుకమ్మా? వేరే ఏదైనా వేద్దాం. జలప్రళయం కథ, నోవహు ఓడ వేద్దాం."

అక్కడే హోమ్‌వర్క్ చేసుకుంటున్న వాళ్ళమ్మాయి తలెత్తింది. నాలుగో ఐదో తరగతి. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. "వెయిట్, దే టుక్ సమ్‌బడీస్ కార్న్? దట్స్ స్టీలింగ్, మమ్మీ."

"వాళ్ళకి ఆకలేసింది నాన్నా" అంది తల్లి.

"దెన్ దే షుడ్ ఆస్క్."

పాస్టరమ్మగారు కూతురి వైపూ, నా వైపూ చూసింది. పొయ్యి మళ్ళీ వెలిగించింది. కూర కలుపుతూ, వీపు ఇటు పెట్టి, "సమాధి వద్దు. మిగతాది ఉన్నది ఉన్నట్టు వెయ్యండి" అంది.

రిహార్సల్స్‌కి ముందు రోజు మధ్యాహ్నం ఖమ్మం నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ అప్పటికి చీకటి పడి చాలాసేపై ఉంటుంది. ఆమె మొహం నేను చూడటం అదే మొదలు. నాకన్నా ఎంతో పెద్దది కాదు. తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని గానీ, ఇంకేమీ గానీ అనలేదు. "రూమ్ చూపించమ్మా" అంది. అంతే. ఫోన్ పట్టుకుని గది చుట్టూ తిరిగాను. కిటికీ దగ్గర ఆగమంది. అప్పుడే ఎవరో కుక్కతో వెళ్తున్నారు. కాళ్ళు నాలుగు, బూట్లు రెండు కనబడ్డాయి. ఆమె నవ్వబోయింది, కానీ నవ్వు రాలేదు. "వాడు ఆ కాళ్ళు చూసి ఎవరొస్తున్నరో చెప్పేటోడు" అంది.

అక్క నా వెనక నిలబడి ఏడుస్తోంది. ఆమె అక్కను కూడా చూసింది. "బియ్యం ఇంకా ఉన్నయా?"

"ఉన్నాయక్కా. ముట్టుకోలేదు, ఈ వారం."

"ఎందుకు ముట్టుకోలే? పురుగు పడ్తది. తినండి. ఇద్దరూ తినండి." ఆ తర్వాత, "కోటు మాత్రం పంపియ్యమ్మా. ఉతకకు" అంది.

డిసెంబర్‌లో ఇంటికెళ్ళే వరంగల్ అబ్బాయి ఒకతను దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఖమ్మం దాకా వెళ్ళి ఇచ్చి వచ్చాడు. బియ్యం అంతకు ముందే అయిపోయాయి.

నాటకం రోజు హాలు నిండింది. తెలుగువాళ్ళు కాక, తాళాల పెద్దావిడా, ఆవిడ చర్చివాళ్ళు కొందరూ వచ్చారు. ఓడ సీను బాగా నడిచింది. పిల్లలు అట్టముక్కలతో చేసిన గుడిసెలు నిలబెట్టారు. బుట్టలోంచి మొక్కజొన్న పొత్తులు తీసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆ ఊరి మనిషి రావాలి. ఆ వేషం పాస్టరమ్మగారి అమ్మాయిది. రిహార్సల్‌లో నేను చెప్పింది ఇంతే, నువ్వు నడిచి వచ్చి, వెల్‌కమ్ అని, విత్తనం ఎలా వేయాలో చూపించాలి.

ఆ పిల్ల వచ్చింది. వెల్‌కమ్ అనలేదు. అట్ట గుడిసెల మధ్య నెమ్మదిగా నడిచింది. మొదటిదాని దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేసింది.

"దిస్ వజ్ మై మామ్స్ హౌస్" అంది.

ఇంకోదాని దగ్గరికి వెళ్ళింది. "దిస్ వజ్ మై బాబాయిస్ హౌస్." ఇంకోటి. "హియర్, మై ఫ్రెండ్. షి వజ్ ఫన్నీ." అలా ప్రతి గుడిసె దగ్గరా ఆగుతూ, ఒక్కొక్కళ్ళను చెప్తూ వెళ్ళింది. నల్లటోపీల పిల్లలకు ఏం చేయాలో తెలియలేదు. అది మేము నేర్పించిన నాటకంలో లేదు. ఒక చిన్నవాడు తన చేతిలో ఉన్న పొత్తును మెల్లగా తిరిగి బుట్టలో పెట్టేశాడు. పాస్టరమ్మగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకు తెర లాగాలని కూడా తోచలేదు.

పిల్ల చివరి గుడిసె దాటి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, విత్తనం ఎలా వేయాలో వాళ్ళకు చూపించింది. అప్పుడు అయిపోయింది.

చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. పాస్టరుగారు ముగింపు ప్రార్థనకు లేచి, "ప్రభువా" అన్నారు. అలాగే కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, ఆమెన్ అని కూర్చున్నారు.

బిర్యానీ వడ్డిస్తున్నప్పుడు ఆ పిల్లను పక్కకు పిలిచి, ఎవరు నేర్పారే నీకు అని అడిగాను. "నోబడీ, అక్కా. ఐ జస్ట్ థాట్ అబౌట్ అవర్ స్ట్రీట్" అని చెప్పి ప్లేట్ పట్టుకుని పరిగెత్తింది.

మా సంఘంలో ఒక అంకుల్ ఉండేవారు, బ్రాంప్టన్‌లో ట్రక్కుల కంపెనీలో పని, ప్రతి ఆదివారం డ్రైవ్ చేసుకుని వచ్చేవారు. ఆయన మొహం గంటు పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "పండగ పూట ఇదేంటమ్మా? పిల్లల చేత ఇలాంటివా?" అన్నారు. ఆయన వెళ్ళలేదు. ప్లేట్లో అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ నెట్టారు.

"ఆ ఊరికి ఓ పేరుండేదా?" అని అడిగారు.

"ఉండే ఉంటుంది అంకుల్. నాకు తెలియదు" అన్నాను. అంతవరకూ నేను అడగనే లేదని అప్పుడే నాకు తెలిసింది.

ఆయన ప్లేటు బల్ల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని, తాళాల పెద్దావిడ దగ్గరికి వెళ్ళారు. తనకొచ్చిన ఇంగ్లిష్‌లో ఆ ఊరి పేరు అడిగారు. ఆవిడ చెప్పింది. ఆయనకు నోరు తిరగలేదు. ఆవిడ మళ్ళీ చెప్పింది, ముక్కలు ముక్కలుగా విడగొట్టి. ఆయన ఆమె పెదవులను చూస్తూ, సరిగ్గా వచ్చేదాకా దాన్ని పలుకుతూనే ఉన్నారు.